ఆఫ్‌రోడ్ బండి బోల్టు: కీలు నుంచి బిగింపు దాకా

ఆఫ్‌రోడ్ బండిలో ఇరుసును ఛాసిస్‌తో కలిపి ఉంచేవి పట్టుమని పాతిక బోల్టులు కూడా ఉండవు. రాళ్ల మీదా వాగుల్లోనూ బండి నడిపేవాళ్లలో చాలామంది కంపెనీ వేసిన ఆ బోల్టులు చాలవేమోనని, వాటిని తీయించి ఇంకా గట్టి ఉక్కు బోల్టులు వేయిస్తారు. అది అవసరమా కాదా అన్నది ఆ బోల్టు అక్కడ ఏ పని చేస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. జీపు పుట్టినప్పటి నుంచి ఇప్పటికి ఆ పనే మారిపోయింది.

1941 నుంచి 1945 వరకు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి అమెరికా సైన్యం కోసం 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. తాను చేసిన జీపుల్లో చిన్న బోల్టు తల మీద కూడా ఫోర్డ్ తన ‘ఎఫ్’ అక్షరం అచ్చు వేసింది. పాత జీపులను బాగుచేసేవాళ్లు ఇప్పటికీ ఆ అక్షరాన్ని వెతికి మరీ అసలు భాగాలను గుర్తుపడతారు. ఆ జీపుకు ముందూ వెనకా కమాను కట్టలే. కట్టకు ఒక కొసన పివట్ బోల్టు, రెండో కొసన ఇంగ్లిషు ‘యు’ అక్షరం ఆకారంలో షాకిల్ ఉండేవి. షాకిల్ కాళ్లకు మరలు ఉండేవి. ఆ మరలు బుష్ అనే గొట్టం లోపలి మరల్లో కొద్దికొద్దిగా తిరుగుతూ ఉంటే కట్ట సాగడానికి, ముడుచుకోవడానికి వీలయ్యేది. అంటే అక్కడ బోల్టు తలుపు బందులోని సీల లాంటిది. అది కదలాలి, గ్రీజు తాగాలి. బురదా ఇసకా చేరితే అరిగిపోయేది. విరగడం కంటే అరగడమే దానికి అసలు జబ్బు కాబట్టి, ఎక్కువ బలమైన ఉక్కు పెట్టినా ఒరిగేదేమీ లేదు. వేళకు గ్రీజు కొట్టడం, అరిగిన బుష్‌ను మార్చడం, ఇవే మందులు.

రెండో ప్రపంచ యుద్ధం మరో చిక్కును బయటపెట్టింది. బ్రిటన్‌లో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరల కోణం 55 డిగ్రీలు. అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ ప్రతిపాదించినది 60 డిగ్రీలు. అర అంగుళం బోల్టుకు బ్రిటన్ లెక్కన అంగుళానికి 12 మరలు, అమెరికా లెక్కన 13. ఒక దేశపు నట్టు ఇంకో దేశపు బోల్టుకు రెండు చుట్లు ఎక్కి ఆగిపోయేది. మిత్రసేనల వర్క్‌షాపుల్లో దీనివల్ల కలిగిన నష్టం చిన్నది కాదు. చివరికి 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా 60 డిగ్రీల ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. ఉక్కు బలాన్ని తల మీద గుర్తుతో చెప్పే పద్ధతి కూడా స్థిరపడింది. అమెరికా పద్ధతిలో మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. మెట్రిక్ బోల్టుల మీద 8.8, 10.9, 12.9 అన్న అంకెలు ఉంటాయి. 10.9లో మొదటి అంకె చదరపు మిల్లీమీటరుకు సుమారు 1000 న్యూటన్ల బలాన్ని తట్టుకుంటుందని చెబుతుంది. రెండోది అందులో 90 శాతం దాకా శాశ్వతంగా సాగిపోదని చెబుతుంది. బోల్టు తల మీద అంకె కనబడటం మొదలయ్యాక, పెద్ద అంకె ఉన్నదే మంచిదన్న నమ్మకం కూడా బలపడింది.

బోల్టు పనిని నిజంగా మార్చింది రబ్బరు. రెండు ఉక్కు గొట్టాల మధ్య రబ్బరును పట్టించిన బుష్‌లు 1920లలో ఫ్రాన్సులో వచ్చి మెల్లగా అన్ని బండ్లకూ పాకాయి. ఇందులో కదిలేది రబ్బరే. లోపలి గొట్టాన్ని బోల్టు బ్రాకెట్ చెంపల మధ్య నొక్కిపట్టి, అది ఇసుమంత కూడా కదలకుండా చూడాలి. తర్వాత కమాను కట్టల స్థానంలోకి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 1970లో రేంజ్ రోవర్‌కు, 1984లో జీప్ చెరోకీ ముందు ఇరుసుకు, 1997లో రాంగ్లర్‌కు అవి అమరాయి. కట్ట ఇరుసును మోయడమే కాక అటూఇటూ పోకుండా పట్టి ఉంచేది. కాయిల్ మోయడం మాత్రమే చేస్తుంది. పట్టే పని ఇరుసును ఛాసిస్‌తో కలిపే కడ్డీలకు, అంటే కంట్రోల్ ఆర్ములకూ, అడ్డంగా ఉండే ట్రాక్ బార్‌కూ వచ్చింది. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ పక్కకు వచ్చే తోపు ట్రాక్ బార్ బోల్టుల మీదే పడుతుంది.

ఇక్కడ లెక్క చూస్తే గట్టి బోల్టు గురించిన భ్రమ చాలావరకు వీడిపోతుంది. 14 మిల్లీమీటర్ల 10.9 బోల్టును రెండుచోట్ల ఒకేసారి కోయాలంటే దాదాపు 19 టన్నుల బలం కావాలి. 8.8 బోల్టుకైనా 15 టన్నులు కావాలి. బండి మొత్తం బరువే సుమారు రెండు టన్నులు. కానీ సరిగ్గా బిగించిన కీలును పట్టి ఉంచేది ఆ కోత బలం కాదు, నొక్కుడు వల్ల పుట్టే రాపిడి. ఆరేడు టన్నుల నొక్కుడుకు ఆ రాపిడి సుమారు రెండు టన్నులు ఆపగలదు. తోపు దాన్ని దాటితే, బోల్టు తెగే మాట అటుంచి, గొట్టం ముందుగా జారుతుంది. అడ్డంగా జారే కీలులో నట్టు తనంతట తానే వదులవుతుందని 1969లో జర్మన్ ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ ప్రయోగం చేసి చూపాడు. వదులైన బోల్టు బ్రాకెట్ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. ఆ తర్వాత గుంత తగిలితే చాలు, ముందు చక్రాలు దడదడలాడి స్టీరింగ్ చేతిలో నిలవదు.

నొక్కుడును నిర్ణయించేది టార్క్ రెంచి. మరలు, జిడ్డు ఒకలాగే ఉంటే, ఒకే టార్కుకు 8.8 బోల్టూ 12.9 బోల్టూ ఇచ్చే నొక్కుడు దాదాపు ఒకటే. కాబట్టి బోల్టు మార్చి పాత టార్కుతోనే బిగిస్తే ఖర్చు తప్ప లాభం లేదు. పైగా 12.9 లాంటి అతిగట్టి ఉక్కుకు జింకు పూత పూసేటప్పుడు హైడ్రోజన్ లోపలికి చేరితే, అది పెళుసై ఏ హెచ్చరికా లేకుండా విరగవచ్చు.

అయితే మార్చక తప్పని సందర్భాలు నిజంగానే ఉన్నాయి. 2007లో వచ్చిన రాంగ్లర్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని ట్రాక్ బార్‌కు కంపెనీ వేసింది 14 మిల్లీమీటర్ల బోల్టు. రంధ్రం అంతకంటే కాస్త వదులు. చాలామంది 14.3 మిల్లీమీటర్లుండే 9/16 అంగుళం బోల్టు వేసి ఆ సందును పూడ్చారు. బ్రాకెట్ చెంపల మీద మరలు కాక నున్నటి కాండమే ఆనేలా పొడవు చూసి ఎంచుకున్నారు. అక్కడ మేలు చేసింది గ్రేడు కంటే ఆ కొలతే. ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసిన బండికి పక్క తోపు పెరుగుతుంది గనుక ఈ జాగ్రత్త మరింత అవసరం. తుప్పు పట్టినవి, ఒకసారి సాగిపోయినవి, వంగినవి ఎలాగూ తీసేయాలి. రంధ్రమే సాగితే బోల్టు ఏదైనా నిలవదు. బ్రాకెట్‌కు వాషరు పలక వెల్డింగ్ చేయించాలి.

కొనేచోట మోసం కూడా ఈ చరిత్రలో ఒక అధ్యాయమే. 1980లలో ఆరు గీతల గుర్తుతో నాసిరకం బోల్టులు అమెరికా సంతను ముంచెత్తాయి. 1990లో అక్కడ ప్రత్యేక చట్టం వచ్చి, తల మీద గ్రేడుతో పాటు తయారీదారు ముద్ర కూడా ఉండాలంది. ముద్ర లేని 10.9 కంటే కంపెనీ వేసిన పాత బోల్టే మేలు.

మన దేశంలో మహీంద్రా 1947లో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. 2010 నాటి థార్‌కు వెనక కమాను కట్టలున్నాయి. 2020 థార్‌కు నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులే. మొదటి దానిలో మెకానిక్ చూడాల్సింది షాకిల్ బుష్‌ల అరుగుదల, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టుల బిగువు. రెండోదానిలో ఆర్ముల బోల్టులకు బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టాకే చివరి బిగింపు ఇవ్వాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొత్త బోల్టు వేశాక కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, మళ్లీ టార్క్ రెంచితో సరిచూడాలి.