తృణరాజము: తీరభూములలో తాడి పెంపకము

అమరసింహుడు తన కోశమునందు తాళవృక్షమునకు తృణరాజమని పేరిడి, పోక, కొబ్బరి, ఈత మున్నగువానితో గూడ దానిని తృణద్రుమములలో జేర్చెను. నేటి వృక్షశాస్త్రజ్ఞులును తాడిని గడ్డిజాతులతోపాటు ఏకదళబీజవర్గమునందే గణించుచున్నారు. ఈ తృణరాజమునకు మన సముద్రతీరమున రాజ్య మెట్లు నిలిచినదో, ఇప్పు డేల తరుగుచున్నదో విచారింపవలసిన భారము, ఆ చెట్టు నీడనే పెరిగిన మన కులమువారికి మిక్కిలిగా గలదు.

అచ్చుయంత్రములు వచ్చువరకు తెలుగువారి విద్యకు తాటాకే యాధారము. గంటముతో వ్రాసి మసి పూసిన యాకులే పురాణములను, శాస్త్రములను, కరణముల కవిలెలను మోసి మనకందించినవి. ఇంటికి కప్పు, దూలము, చాప, విసనకఱ్ఱ యీ చెట్టే యిచ్చినది. మోకు గట్టి చెట్టెక్కిన మన పెద్దలకు కూడు పెట్టినదియు నిదియే.

ఈ చెట్టు చరిత్రలో రాజశాసనముల పాలును గలదు. 1886లో చెన్నపురి ప్రభుత్వము ఆబ్కారీ చట్టము చేసెను. 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మొదలైన మద్యనిషేధము 1948 అక్టోబరు 2 నాటికి చెన్నరాష్ట్రమంతట వ్యాపించెను. తీరాంధ్రమున గీతవృత్తియే బ్రదుకుగా గల కుటుంబములు దిక్కుదోచక యుండగా, గౌతు లచ్చన్నగారు వారి పక్షమున నిలిచి పోరాడిరి. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ నిషేధవివాదముననే యవిశ్వాసతీర్మానమునకు లోనై పడిపోయెను. ఇట్లు చెట్టుమీది రాబడికై ప్రభుత్వమే కూలినది గాని, చెట్టును నాటుటను గూర్చిన మాట యంతగా వినబడలేదు.

దానికి కారణము లేకపోలేదు. తాడిని కొబ్బరివలె తోట వేసి పెంచినవా రరుదు. రాలిన పండు గట్టున బడి, టెంక మొలచి, తనంత దానే చెట్టయ్యెడిది. కాని మన యనుభవమును కొంచెము లెక్కింపుడు. కల్లునకై గెల గీసినచో ఆ గెలకు కాయ లేదు. వేసవిలో ముంజ తిన్నచో విత్తు లేదు. టెంకలను పాతరవేసి తేగలు త్రవ్వినచో మొక్క లేదు. ఈ మూడును మనకు బ్రియములే; మూడును భావివృక్షమును హరించునవియే. పూర్వము మనము తిన్నంత తినినను మిగిలినది చాలియుండెను. నేడు పొలముగట్లు చేపలచెరువుల పాలై, ముదుసలిచెట్లు నఱకబడుచుండగా, మిగులునది చాలుట లేదు.

తాడికి ఓర్పు వలయును. గెల వేయుటకు పండ్రెండు, పదునైదేండ్లు, ఒక్కొక్కచో నంతకు మించియు బట్టును. అంతవరకు పోతుతాడియో పెంటితాడియో తెలియదు. నాటినవానికంటె వాని సంతతికే ఫలము దక్కును. ఒకసారి నిలిచినచో నూరేండ్లు నిలుచును.

తీరవాసులకు మఱియొక ప్రయోజనమును గలదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెనను మనవారు మఱవలేరు. 1996 నవంబరులో కోనసీమయందును, 2018 అక్టోబరులో తిత్లీ తుపానునకు ఉద్దానమందును కొబ్బరితోటలు నేలగూలినవి. బిరుసైన మ్రాను, దట్టమైన వేళ్లు గల తాడి గాలికి కొబ్బరికంటె మిన్నగా నోర్చును. కొబ్బరిని మానుమని మే మనుట లేదు. దాని తోటకు సముద్రపువైపున తాడివరుస కంచెగా నుండవలెనని మా మనవి.

నాటువిధము సులభము. శ్రావణభాద్రపదములలో బాగుగ పండి రాలిన పండ్ల టెంకలను ఏరి, చెట్టు నిలువవలసిన చోటనే పాతవలెను. మొలక మొదట భూమిలోనికి లోతుగ దిగును గనుక, ఊడబెఱికి వేఱొకచోట నాటిన మొక్క బ్రదుకుట కష్టము. గోతి కొక్కటి కాక రెండు టెంక లుంచి, వరుసలో పదియడుగుల యెడము విడిచిన చాలును. మొదటి యేండ్లలో పశువులు త్రొక్కకుండ కాపాడినచో, పిదప నీరు పోయు పనియు నంతగా నుండదు. రంపచోడవరము చెంత పందిరిమామిడియందలి ఉద్యానపరిశోధనస్థానమువారు తాడిని గూర్చి కృషి చేయుచున్నారు. ఆసక్తిగలవారు వారి సలహాను బొందవచ్చును.

మన బిడ్డలు చదువుకొని మోకు విడిచినందులకు మేము సంతసించుచున్నాము. చెట్టెక్కి పడి కాలుసేతులు పోగొట్టుకొన్నవారి గృహములు మన మెఱుగనివి కావు. కాని వృత్తి విడుచుట వేఱు, చెట్టును విడుచుట వేఱు. ముంజ, తేగ, తాటిబెల్లము, ఆకు ఇప్పటికిని విలువగల వస్తువులే.

కావున సభకు విచ్చేసిన సోదరులను, పోషకమహాశయులను మేము కోరునది స్వల్పము. పెంటితాళ్లు గలవా రేటేట చెట్టుకొక గెలను కోయక పండనీయుడు. ఆ టెంకలలో పదింటినైనను తేగలకు గాక చెట్లకై పాతుడు. చోటు లేనివారు గ్రామపు చెరువుగట్టున పాతుడు. మన తాత లెక్కిన చెట్లను నాటినవా రెవ్వరో మన మెఱుగము. మన మనుమలకు మాత్ర మా సందేహ ముండకుండుగాక.