మన్యపు టంచున బౌద్ధధర్మము

నేటి నా ప్రసంగమునకు విషయము బౌద్ధధర్మము. దీనిని గూర్చి మాటాడుమని నన్ను ప్రేరేపించినవాడు పండితుడు కాడు. పాచిపెంటలో మా యింటికి నాలుగిండ్ల యవతల నున్న యొక వృద్ధ కృషీవలుడు. ఒకనాటి సాయంకాలము నేను రచ్చకట్టపై గూర్చుండి పుస్తకము చదువుచుండగా, ఆయన దాని యట్టమీది బొమ్మను జూచి, "బాబూ, ఈ కళ్లు మూసుకున్న దేముడెవరు? మన కొండలోళ్లకి ఈయన ఏటి సెప్పినాడు?" అని యడిగెను. మొదటి ప్రశ్నకు వెంటనే బదులు చెప్పితిని. రెండవదానికి చెప్పలేకపోతిని. ఆ బదులు కొఱకు నేను చదివినదియు చూచినదియు నేడు మీకు విన్నవించెదను.

బుద్ధుడు తాను దేవుడనని చెప్పుకొనలేదు. ఆయన శాక్యకులమున లుంబినీ వనమున జన్మించిన సిద్ధార్థుడు. ఇరువదితొమ్మిదవ యేట ఇల్లు విడిచి, ఆరేండ్లు తపించి, గయ యొద్ద రావిచెట్టు క్రింద జ్ఞానము నొందెనని సంప్రదాయము. సారనాథమున దొలిబోధ గావించి, నలువదియైదేండ్లు ఊరూర దిరిగి, ఎనుబదవ యేట కుశినగరమున నిర్యాణము జెందెను. ఆయన తుదిభోజనము పెట్టినవాడు చుందుడను లోహకారుడు. ఆ భోజనానంతరము వ్యాధి ముదిరినపుడు, "చుందుని నెవ్వరును నిందింపరాదు, అతని దానము గొప్పది" అను నర్థము వచ్చునట్లు ఆనందునితో జెప్పి, ఆ కమ్మరి మనస్సు నొవ్వకుండ జూచినాడు. మరణశయ్యమీద నుండి యితరుని దుఃఖమును దలచిన యీ యొక్క సంగతి చాలు, ఆ మహానుభావుని స్వభావము తెలియుటకు.

ఇక నాయన బోధ. మన్యపు జ్వరము వచ్చినవాని యొద్దకు వైద్యుడు వచ్చెననుకొనుడు. రోగ మిది యనును, దీనికి గారణ మిది యనును, ఇది కుదురును, భయపడవలదనును, ఇదిగో మందనును. బుద్ధుని నాలుగార్యసత్యములు నీ క్రమముననే యున్నవి. జీవితమున దుఃఖము కలదు. దానికి గారణము తృష్ణ, అనగా ఆశ. తృష్ణ నశించిన దుఃఖము నశించును. ఆ స్థితియే నిర్వాణము. దానికి మార్గ మెనిమిది యంగములు గలది: సరియైన దృష్టి, సంకల్పము, వాక్కు, కర్మ, జీవనోపాధి, ప్రయత్నము, స్మృతి, సమాధి. మార్పులేని యాత్మ యొకటి కలదని బౌద్ధు లంగీకరింపరు. అయినను గర్మఫలమును నమ్ముదురు. ఒక దీపమునుండి మఱియొక దీపము వెలిగినట్లు జన్మమునుండి జన్మము గలుగునందురు.

ఆచరణము నంతే సులభముగ జెప్పవచ్చును. బుద్ధుని, ధర్మమును, సంఘమును శరణుజొచ్చుట మొదటిది. గృహస్థుడు ప్రాణిహింస, దొంగతనము, వ్యభిచారము, అసత్యము, మద్యపానము అను నైదింటిని విడువవలెను, ఇదియే పంచశీలము. భిక్షువునకు నియమములు పెక్కు. మూడు వస్త్రములు, ఒక భిక్షాపాత్ర. వానకాలము మూడు మాసములు తిరుగుట మాని యొక్కచోట నుండవలెను. పున్నమకు, అమావాస్యకు సంఘమంతయు గూడి తప్పుల నొప్పుకొనవలెను. గృహస్థులు స్తూపమునకు బ్రదక్షిణము చేసి, పూలు దీపములు సమర్పింతురు.

ఆ యెనిమిదింటిలో జీవనోపాధి యను నంగమును మన ప్రాంతమువారు ప్రత్యేకముగ దలపవలెను. ఆయుధములు, ప్రాణులు, మాంసము, మద్యము, విషము: ఈ యైదింటి వర్తకమును బుద్ధుడు గృహస్థులకు గూడదనెను. ప్రాణులలో మనుష్యులును జేరినవారే. మన మన్యములో బూర్వము గొత్తి యను నొక యాచార ముండెను. కొద్దిపాటి యప్పునకై తండ్రి తన రెక్కల కష్టమునే కాక కొడుకు కష్టమును గూడ సాహుకారునకు దాకట్టు పెట్టుచుండెను. ఏజన్సీ ప్రాంతములలో దీనిని మాన్పుటకు 1940లో మద్రాసు ప్రభుత్వము శాసనము చేసెను; 1976లో భారత పార్లమెంటు వెట్టిచాకిరిని దేశమంతట నిషేధించెను. రెండువేల యేండ్లకు బూర్వమే తగదని చెప్పిన దానిని జట్టముచే మాన్పించుకొనుటకు మన కింతకాలము పట్టినది.

ఇక చరిత్రము. మన సీమ పూర్వము కళింగమునకు జేరినది. క్రీస్తుపూర్వము 261 ప్రాంతమున మగధరాజగు నశోకుడు కళింగముపై దండెత్తెను. ఆ యుద్ధమున లక్షమంది చచ్చిరనియు, లక్షన్నర మందిని చెఱపట్టి కొనిపోయితిననియు, అంతకు బెక్కురెట్లు జనము పిదప నశించిరనియు అతడే పదుమూడవ శిలాశాసనమున జెప్పుకొని పశ్చాత్తాపపడినాడు. జయించిన రాజు తన జయమును దలచి దుఃఖించుట లోకచరిత్రములో నరుదు.

కాని యా శాసనమునందే యడవిజనులను గూర్చిన మాట యొకటి కలదు. తన రాజ్యములోని యడవివారిని తాను మంచిమాటలతో ననునయించుచున్నాననియు, అయినను పశ్చాత్తప్తుడనగు నాకును శక్తి కలదని వారెఱుగవలెననియు, చావకుండవలెనన్న దమ నడవడికి సిగ్గుపడవలెననియు దాని తాత్పర్యము. అనగా నొక చేత నభయము, ఒక చేత దండము. ఇంకొక సంగతి. ఆ పదుమూడవ శాసనమును అశోకుడు కళింగమున జెక్కింపలేదు. భువనేశ్వరము చెంతనున్న ధౌళియందును, గంజాము జిల్లాలో ఋషికుల్యాతీరమున నున్న జౌగడయందును దానికి బదులు వేఱు శాసనములు గలవు. మనుష్యులందఱు నా బిడ్డలనియు, అధికారులు జనులను నిష్కారణముగ బంధింపరాదనియు, సరిహద్దుల యావలివారు నన్ను జూచి భయపడవలదనియు వానిలో జెప్పినాడు.

అశోకుని తరువాతి శతాబ్దములలో మన తీరమున విహారములు వెలసెను. వంశధారాతీరమున శాలిహుండము; విజయనగరమునకు జేరువ రామతీర్థము ప్రక్కనున్న గురుభక్తులకొండ; భీమునిపట్టణము చెంత పావురాలకొండ; విశాఖపట్టణమునకు భీమునిపట్టణమునకు నడుమ బావికొండ, తొట్లకొండ; అనకాపల్లి యొద్ద శంకరము. సంఘారామ మను మాటయే జనుల నోట శంకరమైనదని పండితులందురు. శాలిహుండమును 1919లో వెలుగులోనికి దెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. మన కొండలలోని సవరల భాష నేర్చి, దానికి నిఘంటువును వ్యాకరణమును వ్రాసిన మహనీయు డాయనయే. తొట్లకొండ యునికి 1976లో నౌకాదళమువారి సర్వేక్షణమున దెలిసి, 1988 మొదలు 1992 వఱకు త్రవ్వకములు జరిగెను.

బావికొండ, తొట్లకొండ యను పేరులలోనే యొక పాఠమున్నది. కొండకొమ్మున నీరు దొరకదు. కావున భిక్షువులు రాతిని దొలిచి తొట్లు చేసి, వాననీరు నిలువచేసికొనిరి. వర్షావాసమున గురిసిన వాన వేసవిలో వారి ప్రాణమును గాపాడెను. ఆ కొండలన్నియు రేవుకో నదికో బాటకో చేరువనే యున్నవి. భిక్షువు పంట పండింపడు; ఇచ్చువారుండవలెను. ఓడవర్తకులు, బేహారులు, గృహస్థులు ఇచ్చిరి. విహారము బాటవెంట వచ్చినది, బాటవెంటనే బ్రదికినది.

శాఖల విషయము. బుద్ధుని నిర్యాణమునకు బిమ్మట సంఘము స్థవిరవాదులని, మహాసాంఘికులని చీలినది. ఆంధ్రదేశమున పూర్వశైలీయులు, అపరశైలీయులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అను శాఖ లుండెను. వీరిని పాలీ వ్యాఖ్యానములు అంధకులని పిలిచినవి. ఆ పిమ్మట మహాయానము ప్రబలెను. తానొక్కడు తరించుట చాలదు, సమస్తజీవులు తరించువఱకు బాటుపడు బోధిసత్త్వుడు గావలెనని దాని యాదర్శము. ఆచార్య నాగార్జునుడు శూన్యవాదమును బోధించి దానికి దర్శనరూప మిచ్చెను. తుదకు మంత్ర తంత్రములతో గూడిన వజ్రయానము బయలుదేరెను. శాలిహుండమున దొరకిన తార, మారీచి విగ్రహములు ఈ తుదిదశకు సాక్ష్యములు. నేడు స్థవిరవాదము సింహళము, బర్మా, థాయిదేశములందు, మహాయానము చైనా, జపాను దేశములందు, వజ్రయానము టిబెట్టు, భూటానులందు నిలిచియున్నవి. దూరమేల? మన తూర్పుకనుమలలోనే, ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరి ప్రాంతమున 1963లో టిబెట్టు శరణార్థులు వచ్చి స్థిరపడిరి. అచట జిరంగలో వారి పద్మసంభవ మహావిహారము 2010లో దలైలామాగారిచే బ్రారంభింపబడినది. పోయిన ధర్మము కొండదారిని మరల వచ్చినట్లున్నది.

అది యేల పోయెను? ఏడవ శతాబ్దమున వచ్చిన చీనాయాత్రికుడు హ్యూయాన్ త్సాంగు నాటికే కళింగమున బౌద్ధులు కొద్దిమంది, దేవాలయములు పెక్కు. ఓడవర్తకము తగ్గెను, రాజుల యాదరము శైవ వైష్ణవములకు మరలెను. ఇచ్చెడి చేయి లేనప్పుడు భిక్షాపాత్ర నిండదు. బౌద్ధులు చెప్పిన యహింసాదులను గొన్నింటిని తక్కిన మతములును దమవిగా జేసికొనెను. బుద్ధుని దశావతారములలో జేర్చిరి. కావున జనులకు వేఱుగా విహారమునకు బోవలసిన యవసరము తోపలేదు.

మఱపు ఎంతదూరము పోవునో శంకరమునందు గంటిని. అచట బొజ్జన్నకొండ, లింగాలకొండ యని రెండు గలవు. రాతిలో దొలిచిన చిన్న స్తూపములు వరుసలుగ నుండుటచే జనులు వానిని లింగములనుకొనిరి. బొజ్జన్నకొండ మీదనున్న యొక బొజ్జవంటి శిలారూపమును రాక్షసుడని యెంచి, కనుమనాడు చుట్టుపట్ల గ్రామస్థులు రాళ్లతో గొట్టుచుండిరి. చరిత్రాభిమానులు నచ్చజెప్పగా నిటీవలనే యా యాచారము మాన్పబడినది. కొట్టినవారిది ద్వేషము కాదు. తాతలు కొట్టిరి, మేము కొట్టుచున్నామని మాత్రమే వారెఱుగుదురు. ఒకనాడు తమ పూర్వులే పూలు చల్లిన చోట తాము రాళ్లు రువ్వుచున్నామని చెప్పువారు లేకపోయిరి.

మొన్న నీ వృత్తాంతమంతయు నా వృద్ధునకు జెప్పితిని. బుద్ధుడు కొండవాడని, పల్లపువాడని భేదము పాటింపలేదనియు, చుందుడను కమ్మరి కథయు, అశోకుని శాసనముల సంగతియు వినిపించితిని. ఆయన కొంతసే పూరకుండి, "ఆ కమ్మరోడి మాట బాగుంది బాబూ. రాజుగారు మాత్రం తప్పు సేసేనని లోకానికి సెప్పి, దెబ్బతిన్నోడికి సెప్పలేదన్నమాట" అనెను. నేను పుస్తకములలో జూచి దాటిపోయిన దానిని, చదువు రాని యా పెద్ద యొక్కమాటలో బట్టుకొనెను. బుద్ధుని ధర్మము వేఱు, దానిని జేపట్టిన రాజుల రాజనీతి వేఱు అని నాకప్పుడు స్పష్టమైనది. భిక్షువులు పున్నమనాడు ఎదుటివాని ముందఱనే తప్పొప్పుకొనుచుండిరి; రాజునకు మాత్ర మది కష్టమైనది.

పెద్దలారా, మీకొక్క మనవి. రామతీర్థమునకు రామచంద్రుని దర్శింప బోవునపుడు ప్రక్కనున్న గురుభక్తులకొండను గూడ బిల్లలకు జూపుడు. తొట్లకొండ మహాస్తూపములో గొంత భాగము 2019 వానలకు గూలగా మరల గట్టవలసివచ్చెను. కాపాడకున్న రాయియు నిలువదు. మీ పొలములలో దున్నునపుడు పెద్ద ప్రాతయిటుకలుగాని, చెక్కిన రాళ్లుగాని కనబడినచో, గోడకట్టుటకు గొనిపోక తహసీల్దారు కచేరికి దెలుపుడు. బొజ్జన్నకొండపై రాళ్లు రువ్వినవారికి జెప్పువారు లేకపోయిరి. మన బిడ్డలకు జెప్పుటకు మనమున్నాము.