తండ్రి పిడికిలి, కొడుకు పిడికిలి: తెలుగు జెట్టీల వంశచరిత్రకు ఆధారాలు

సారాంశం

పిడిగుద్దుల పోరు కులవృత్తిగా తండ్రి నుంచి కొడుకుకు దిగిన తెలుగు కుటుంబాలు జెట్టీలవి. పోటీలను చూసి రాసినవారు వారి దేహాలను వర్ణించారు, పేర్లను వదిలేశారు. కాబట్టి వారి వంశచరిత్రను పోటీ వర్ణనల్లో కాక జీతం, మాన్యం, వైద్యం నమోదైన చోట్ల వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ముక్త్యాల, జగ్గయ్యపేట ప్రాంతపు ఆధారాలతో ఆ పద్ధతిని వివరిస్తుంది.

1. పేరు లేని వీరులు

విజయనగర మహర్నవమి ఉత్సవాలను 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, పళ్లు రాలేలా, ముఖం గుర్తుపట్టలేనంతగా మల్లులు కొట్టుకునేవారని రాశాడు. పదిహేనేళ్ల తరవాత రాసిన ఫెర్నావో నూనిజ్ మరికొంత స్పష్టత ఇచ్చాడు. రాజు కొలువులో ఈ వేడుకకోసం వెయ్యిమంది మల్లులుండేవారు. మొనలున్న కడియాలను చేతుల్లో పట్టుకుని గుద్దుకునేవారు. ఎక్కువ గాయపడ్డవాడికి పట్టువస్త్రం బహుమానం. ఈ రెండు రచనలూ 1900లో రాబర్ట్ స్యూయెల్ గ్రంథం ద్వారా ఇంగ్లీషు పాఠకులకు అందాయి. వెయ్యిమందిలో ఒక్కరి పేరు కూడా వాటిలో లేదు.

మైసూరులో రెసిడెంటుగా పనిచేసిన మార్క్ విల్క్స్ 1810, 1817 మధ్య అచ్చయిన తన చరిత్రగ్రంథంలో జెట్టీల పోరును ఇంకా నిశితంగా చూశాడు. గేదెకొమ్ముతో చేసి చేతికి అమర్చిన ఆయుధానికి వేలి కణుపుల్లా నాలుగు మొనలు, చిటికెనవేలి వైపు మరింత పొడుచుకొచ్చిన ఐదో మొన ఉండేవని వివరించాడు. వీళ్లది ప్రత్యేక కులమనీ, పసితనం నుంచే రోజూ సాధన చేయిస్తారనీ చెప్పాడు. వంశచరిత్రకు విలువైన మాట ఇదే. పసివాడికి రోజూ సాధన చేయించాలంటే ఇంట్లో గురువుండాలి. ఆ గురువు తండ్రో, తాతో, మేనమామో అయి ఉంటాడు. ఆ ఇంటిపెద్ద ఎవరో మాత్రం విల్క్స్ రాయలేదు.

వజ్రముష్టి అనే ఈ పోరు మైసూరు దసరాలో విజయదశమినాడు నేటికీ జరుగుతుంది. తల మీద తొలి నెత్తురు చుక్క కనబడగానే ఆపేస్తారు.

2. తెలుగు మాట్లాడే జెట్టీలు

ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథం జెట్టీలను తెలుగు కులంగా చెప్పింది. మల్లయుద్ధం, సాముగరిడీలు వారి వృత్తి. తెలుగు జిల్లాల్లో వారు ఒళ్లుపట్టి, లేపనాలు రాసి నరాల నొప్పులు నయం చేసేవారు. తంజావూరులో తమిళుల మధ్య బతుకుతూ తెలుగే మాట్లాడేవారు. జంధ్యం వేసుకునేవారు. తంజావూరు రాజుల కాలంలో ఖజానాకు, నగల గదులకు కాపలా వారిదే. చివరి రాజు మరణం తరవాత చాలామంది మైసూరుకు, ఇతర సంస్థానాలకు తరలిపోయారు. తంజావూరు సంస్థానం కుంపెనీ పరమైంది 1855లో కాబట్టి ఈ వలసకు మనకు ఒక కాలరేఖ దొరుకుతోంది.

ఇదే మల్లవృత్తిలో ఉన్న గుజరాత్‌లోని మొఢేరా జ్యేష్ఠిమల్లులకు మల్లపురాణమనే సంస్కృత గ్రంథం ఉంది. 1964లో బరోడా నుంచి అచ్చయింది. శ్రీకృష్ణుడే తమ పూర్వికుడికి మల్లవిద్య నేర్పాడన్నది అందులోని కథ. కులదేవత లింబజ. పురాణం కులానికి మూలపురుషుణ్ణి ఇస్తుంది. పరిశోధకుడికి కావలసిన తాత పేరు, ముత్తాత పేరు దానిలో దొరకవు. వాటికోసం కచేరీ దస్త్రాల్లోకి వెళ్లాలి.

3. ముక్త్యాల ప్రాంతం నేర్పే పాఠం

ఎవరి వంశం ఎందుకు రికార్డుకెక్కుతుందో గ్రహించడానికి ముక్త్యాల, జగ్గయ్యపేట పరిసరాల్లో రెండు చక్కని ఉదాహరణలున్నాయి.

మొదటిది జగ్గయ్యపేట బౌద్ధస్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన ఈ స్థలంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరపు శాసనాలున్నాయి. నాకచంద్రుడనే ఆవేశని, అంటే శిల్పుల మేస్త్రి, కొడుకు సిద్ధార్థుడు కూడా ఆవేశనే. తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టిస్తూ అతను తల్లి, భార్య, పిల్లలు, సోదరుడి కుటుంబం అందరి పేర్లూ చెక్కించాడు. పదిహేడు వందల ఏళ్లు దాటినా ఒక పనివాడి ఇల్లు పూర్తిగా మన కళ్లముందుంది. దానం ఇచ్చాడు కాబట్టి పేరు మిగిలింది.

రెండోది వాసిరెడ్డి వంశం. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గన్న పేరిట బేతవోలును జగ్గయ్యపేటగా నిలిపాడు. 1816లో ఆయన మరణించాక ఇద్దరు దత్తపుత్రుల మధ్య వచ్చిన దావా ప్రీవీ కౌన్సిల్‌కు ఎక్కింది. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. ఎవరు ఎవరి కొడుకో తేల్చడమే ఆ వ్యాజ్యం పని కాబట్టి వంశవృక్షం కోర్టు కాగితాల్లో భద్రమైంది. ఆస్తి తగాదా పడింది కాబట్టి పేరు మిగిలింది.

జెట్టీలు స్తంభాలు ఎత్తించిన దాతలు కారు, ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లిన జమీందార్లూ కారు. పుచ్చుకున్నవాళ్లు. పుచ్చుకున్నవాడి పేరు ఇచ్చినవాడి లెక్కల్లో ఉంటుంది.

4. వెతకవలసిన చోట్లు

ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు మొదటి ఆధారం. 1858లో మద్రాసు ప్రభుత్వం ఏర్పరచిన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలను విచారించి వీటిని తయారుచేసింది. మాన్యం ఇచ్చినదెవరు, మొదట పుచ్చుకున్నదెవరు, ఏ సేవకోసం, వంశపారంపర్యమా కాదా, ఇప్పటి అనుభవదారు ఎవరు, అతనికి మొదటివాడితో చుట్టరికం ఏమిటి అన్నవి ఇందులో ఉంటాయి. సాముచేసేవాడికో, కోట కాపలావాడికో ఇచ్చిన పొలం చెక్క కనబడితే రెండు మూడు తరాల పేర్లు ఒకే వరసలో చేతికందుతాయి.

ముక్త్యాల వంటి జమీందారీ గ్రామాల్లో ఒక తేడా గమనించాలి. 1802 శాశ్వత పైసలా నాటికే ఉన్న లాఖిరాజ్ (శిస్తు లేని) మాన్యాలను జమీ ఆస్తి నుంచి వేరుచేశారు. అవి ఇనాం కమిషన్ విచారణలోకి వచ్చాయి. ఆ తరవాత జమీందార్లు సొంతంగా ఇచ్చిన వాటిని ఎస్టేటు దస్త్రాల్లో, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద నడిచిన విచారణల్లో చూడాలి. పైసలాకు ముందటి సంగతులకు కావలి సోదరుల సాయంతో కర్నల్ మెకంజీ సేకరించిన కైఫీయత్తులు ఉపయోగపడతాయి. తంజావూరుకు వలసపోయిన శాఖలకు అక్కడి మరాఠా కొలువు మోడీలిపి పత్రాలే దిక్కు.

రెండో ఆధారం వైద్యం. గోదాలో కీలు తప్పినవాణ్ణి నిలబెట్టిన చేతులే పోటీలు ఆగిపోయాక ఊళ్లో బెణుకులకు పట్టువేశాయి. రాజాశ్రయం పోయాక బతుకుతెరువు ఈ దారి పట్టి ఉండవచ్చని థర్స్టన్ వివరణ సూచిస్తుంది. అందుకే వ్యాయామశాలల గురించి అడిగితే జవాబు రాని ఊళ్లో తైలం కాచే ఇల్లేదని అడగాలి. ఆ ఇంటి ఆడవాళ్లను తప్పకుండా కలవాలి. పిల్లనిచ్చిన ఊళ్లు, తెచ్చుకున్న ఊళ్లు వారికి కంఠతా వస్తాయి. ఒక శాఖను మరో శాఖతో కలిపేది ఆ వియ్యాల జాబితాయే.

ఇంటిపేరు ఒక్కటే చూసి తీర్మానం చేయకూడదు. జెట్టివారు, మల్లావారు వేర్వేరు కులాల్లో ఉన్నారు. పేరు, మాన్యం, వృత్తి, వియ్యం ఈ నాలుగింటిలో కనీసం రెండు ఒకదాన్నొకటి బలపరచినప్పుడే ఒక తరాన్ని వంశవృక్షంలో చేర్చాలి. మైసూరులో టిప్పు సుల్తాను కాలంలో జెట్టీలతో బందీలకు మరణశిక్షలు అమలుచేయించారన్న కథనాలు కూడా గ్రంథాల్లో ఉన్నాయి. కొలువులో వాళ్లు చేసిన పనుల్లో అదీ ఒకటిగా నమోదుచేయాలి. నేటి వారసులకు దాన్ని అంటగట్టకూడదు.

5. ముగింపు

వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు సర్కసు కంపెనీ నడిపి, తన పేరును తానే ఊరూరా మోగించాడు. ఆయన జీవితం రాయడానికి ఆ కీర్తే ఆధారం. కొలువు జెట్టీకి ఆ అవకాశం లేదు. అతని గెలుపు రాజు ఉత్సవంలో భాగంగా చెల్లిపోయింది. అయినా అతనికి కొలిచిన ధాన్యానికి, ఇచ్చిన చెక్కకు లెక్క రాసినవాడు కొడుకు పేరు కూడా రాయక తప్పలేదు, ఎందుకంటే తండ్రి తరవాత ఆ సేవ చేయవలసింది కొడుకే. కరణం రాసిన ఆ పంక్తిని యాత్రికుడి వర్ణన కంటే ముందు చదివితే, తెలుగు ముష్టియోధులకు వారి వారి పేర్లతో చరిత్ర రాయగలం. నందిగామ, జగ్గయ్యపేట మండలాల రిజిస్టర్లను ఈ దృష్టితో ఊరివారీగా చదవడం ఒక విశ్వవిద్యాలయ శాఖ వెంటనే చేపట్టదగిన పని. పాత తైలం ఇళ్ల పెద్దలు మన మధ్య ఉండగానే అది మొదలుకావాలి.