థాంక్స్‌గివింగ్ మెనూ రాసిందెవరు?

నవంబర్ రెండో వారం వచ్చిందంటే మన గ్రూపుల్లో పొట్‌లక్ లిస్టు మొదలవుతుంది. పది పేర్లు నిండేసరికి నాలుగు పులిహోరలు, మూడు బిర్యానీలు తేలతాయి. ఇక్కడ పుట్టిన పిల్లలేమో "టర్కీ, క్రాన్‌బెర్రీ సాస్, పంప్‌కిన్ పై లేకపోతే అది థాంక్స్‌గివింగే కాదు" అని మొహం మాడ్చుకుంటారు. ఊరినుంచి వచ్చిన అత్తగారు మాంసం వండిన గిన్నె వైపు కూడా చూడరు. మధ్యలో నలిగేది వండే మనిషి. సరే, పిల్లలు పట్టుబట్టే ఆ "అసలు మెనూ" ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం రండి.

1620 చివర్లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ఇంగ్లీషువాళ్ళు ఇప్పటి మసాచుసెట్స్ తీరానికి వచ్చారు. మొదటి చలికాలం దాటేసరికి దాదాపు సగంమంది పోయారు. పెళ్ళయిన ఆడవాళ్ళలో మరుసటి ఏడాది కోతలనాటికి మిగిలింది నలుగురే. ఆ 1621 శరదృతువులో ప్లిమత్‌లో మూడు రోజులు విందు జరిగింది. ఇంగ్లీషువాళ్ళు 50 మంది, వాంపనోగ్ నాయకుడు మస్సాసోయిట్‌తో వచ్చినవాళ్ళు 90 మంది. అంటే నలుగురు ఆడవాళ్ళు, కాస్త ఎదిగిన ఆడపిల్లలు, పనివాళ్ళు కలిసి 140 మందికి సర్దుబాటు చేయాలి. బొమ్మల్లో ఎప్పుడూ తెల్లటి టోపీ పెట్టుకుని నవ్వుతూ వడ్డిస్తూ కనిపిస్తారు గానీ, ఆ నవ్వు బొమ్మ గీసినవాడిదే అనిపిస్తుంది నాకు.

ఏం తిన్నారు? అక్కడున్న ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ఆయన రాసిన ఉత్తరం ఒకటుంది. నలుగురు మగవాళ్ళు వెళ్ళి పక్షుల్ని కొట్టుకొచ్చారని, వాంపనోగ్‌లు ఐదు జింకల్ని తెచ్చారని అందులో ఉంది. ఏ పక్షులో చెప్పలేదు. ఆ ఏడాది అడవి టర్కీలు బాగా దొరికాయని గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ వేరేచోట రాశాడు కాబట్టి టర్కీ ఉంటే ఉండొచ్చు. పంప్‌కిన్ పై మాత్రం కుదరదు. ఆవులు ఇంకా రాలేదు, వెన్న ఎక్కడిది? బంగాళాదుంపలూ లేవు. ఉన్నది మొక్కజొన్న. చేపల్ని ఎరువుగా వేసి దాన్ని ఎలా పెంచాలో నేర్పినవాడు టిస్క్వాంటమ్. 1614లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ ఇతన్ని పట్టుకుపోయి స్పెయిన్‌లో అమ్మేశాడు. ఎలాగో తప్పించుకుని 1619లో ఇంటికి చేరేసరికి ఊరు ఊరంతా రోగం వచ్చి పోయింది. ఆ ఖాళీ ఊరి మీదే ప్లిమత్ కట్టారు.

విన్‌స్లో ఆ విందుని థాంక్స్‌గివింగ్ అని ఎక్కడా అనలేదు. 220 ఏళ్ళ తర్వాత, 1841లో, ఆ ఉత్తరాన్ని మళ్ళీ అచ్చువేసిన అలెగ్జాండర్ యంగ్ అనే ఆయన అడుగున ఒక చిన్న నోట్‌లో "ఇదే మొదటి థాంక్స్‌గివింగ్" అని పెట్టాడు. అది అలా నిలిచిపోయింది.

మెనూ మాత్రం ఒక ఆవిడది. సారా జోసెఫా హేల్, న్యూహాంప్‌షైర్‌లో 1788లో పుట్టింది. 1822లో భర్త పోయాడు, చేతిలో ఐదుగురు పిల్లలు. కుటుంబం గడవడానికి కలం పట్టుకుంది. మన పిల్లలు ప్రీస్కూల్లో పాడే "మేరీ హ్యాడ్ ఎ లిటిల్ లాంబ్" ఈవిడ రాసిందే. 1827లో వచ్చిన ఆవిడ నవల నార్త్‌వుడ్‌లో థాంక్స్‌గివింగ్ భోజనానికి ఒక అధ్యాయమే కేటాయించింది. బల్లకి ఆ చివర స్టఫింగ్ పెట్టి కాల్చిన టర్కీ, తర్వాత రకరకాల మాంసాలు, చికెన్ పై, పుడ్డింగులు, అన్నిటికంటే గౌరవస్థానంలో పంప్‌కిన్ పై. ఇవాళ్టి మెనూ చాలావరకు అక్కడ ఉంది. అది న్యూ ఇంగ్లండ్‌లో కాస్త కలిగిన రైతు ఇంటి భోజనం, అంతే.

1837 నుంచి 40 ఏళ్ళు ఆవిడ గోడీస్ లేడీస్ బుక్ అనే ఆడవాళ్ళ పత్రికకి సంపాదకురాలు. 1860 నాటికి దాని చందాదారులు లక్షన్నర. ఏటా అందులో థాంక్స్‌గివింగ్ గురించి రాసేది, వంటలు వేసేది, ఒకే రోజున దేశమంతా చేసుకోవాలని గవర్నర్లకీ అధ్యక్షులకీ ఉత్తరాలు పెట్టేది. సుమారు 17 ఏళ్ళు వదల్లేదు. అంతర్యుద్ధం నడుస్తుండగా 1863 సెప్టెంబర్ 28న లింకన్‌కి రాసింది, అక్టోబర్ 3న ఆయన ప్రకటన వచ్చింది. అందులో యాత్రికుల ఊసూ లేదు, టర్కీ ఊసూ లేదు. ఇంకో మాట, ఇంత పట్టుదల ఉన్న మనిషి ఆడవాళ్ళకి చదువు కావాలంది గానీ ఓటు వద్దంది. మెచ్చుకునేచోట మెచ్చుకుందాం, అంతకుమించి అక్కర్లేదు.

ఇక మిగతా గిన్నెలు కంపెనీలవి. క్రాన్‌బెర్రీ సాస్ డబ్బాలోకి ఎక్కింది 1912లో. చిలగడదుంపల మీద మార్ష్‌మాలోలు పరచడం 1917లో మార్ష్‌మాలో కంపెనీ వేయించిన వంటల పుస్తకంతో ఊపందుకుంది. గ్రీన్ బీన్ క్యాసరోల్ 1955లో న్యూజెర్సీలోని క్యామ్‌డెన్‌లో, క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ టెస్ట్ కిచెన్‌లో డార్కస్ రైలీ బృందం తయారుచేసింది. డబ్బా సూపు అమ్ముడుపోవాలి కదా! శాకాహారుల ఇళ్ళకి ఒక జాగ్రత్త: మామూలు మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. స్టఫింగ్ ప్యాకెట్లలో చికెన్ రసం ఉండొచ్చు. "కూరగాయలే కదా" అని అత్తగారికి వడ్డించే ముందు లేబుల్ చదవండి.

టర్కీ మనకి కొత్త అనుకుంటాం గానీ, ప్లిమత్ విందుకి తొమ్మిదేళ్ళ ముందే, 1612లో, గోవా నుంచి తెచ్చిన టర్కీని చూసి జహంగీర్ ఆశ్చర్యపోయి మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మెక్సికో పిట్టకి ఇంగ్లీషువాళ్ళు టర్కీ అని పేరుపెడితే, టర్కీవాళ్ళు దాన్ని "హిందీ" అంటారు!

ఇంతకీ అమెరికా నుంచి మన వంటింట్లోకి వచ్చినవి లెక్కపెడితే తల తిరుగుతుంది. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న, చిలగడదుంప, బీన్స్. సంక్రాంతికి దప్పళంలో వేసే ఎర్ర గుమ్మడికాయ కూడా. బూడిద గుమ్మడి మన పాతకాపు, ఎర్రది పోర్చుగీసువాళ్ళ కాలంలో వచ్చినది. కొన్ని ఇళ్ళల్లో తద్దినం వంటలో ఇప్పటికీ మిరపకాయ బదులు మిరియాలే వాడతారు చూడండి, పాత మెనూ అక్కడ దాక్కుని ఉంది.

పిల్లలకి చెప్పాల్సిన సంగతి ఒకటి బడిలో కాగితం టోపీలతో రాదు. ఆ విందుకి వచ్చిన మస్సాసోయిట్ కొడుకు మెటాకమ్ 1676లో ఇంగ్లీషువాళ్ళతో యుద్ధంలో చనిపోతే, తల తెచ్చి అదే ప్లిమత్‌లో కొయ్యకి గుచ్చారు. 1970లో, ఓడ వచ్చి 350 ఏళ్ళయిన సందర్భంగా వాంసుట్టా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ నాయకుణ్ణి మాట్లాడమన్నారు. రాసుకున్న ప్రసంగం చూసి ఇది కుదరదు, మార్చమన్నారు. ఆయన మార్చలేదు. అప్పటినుంచి ఏటా థాంక్స్‌గివింగ్ రోజునే ప్లిమత్‌లోని కోల్స్ హిల్ మీద వాళ్ళు సంతాపదినం పాటిస్తున్నారు. పెద్ద పిల్లలకి ఇది తెలియాలి, చిన్నవాళ్ళకి టిస్క్వాంటమ్ కథ చాలు.

వాంపనోగ్ ఆడవాళ్ళు మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి ఒకే మట్టిదిబ్బ మీద వేసేవారు. కాడ పట్టుకుని బీన్స్ తీగ పాకుతుంది, గుమ్మడి ఆకు నేలని కప్పి తడి నిలుపుతుంది. మా ఇంట్లో ఈసారి లిస్టు అదే: మొక్కజొన్న గారెలు, బీన్స్ కొబ్బరి కూర, ఎర్ర గుమ్మడికాయ దప్పళం. దప్పళంలో బెల్లం ఒక ముక్క ఎక్కువ పడితే పిల్లలూ తింటారు. టర్కీ కావాలంటే వండిన ట్రే కొనితెచ్చి వేరే బల్ల మీద పెడతాం, అత్తగారికి ఇబ్బంది లేకుండా.