బొగ్గును వజ్రమును



నేను పాఠశాలయందు తెలుగు చెప్పుచున్న దినములలో, రత్నవర్ణన గల పద్యమొకటి బోధించుచుండగా ఒక బాలుడు లేచి యిట్లడిగెను: "పంతులుగారూ, బొగ్గును వజ్రమును ఒకే పదార్థమని సైన్సు పంతులుగారు చెప్పినారండీ. అట్లయిన ఒకటి చేతికి మసి యంటించుటయు, రెండవది గాజును కోయుటయు ఏలనండీ?" "అది భగవంతుని లీల, కూర్చుండుము" అంటిని. వాడు కూర్చుండెను. ఆ సమాధానము వానికే కాదు, నాకును తృప్తి కలిగింపలేదు. ఉద్యోగము విరమించిన పిదప ఈ విషయమును చదువగా, ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకు లోకమునకే నూరేండ్లకు పైగా పట్టినదని తెలిసికొంటిని. ఆ చరిత్రయే నేటి నా ప్రసంగము.

వజ్రము మనకు క్రొత్త వస్తువు కాదు. 18వ శతాబ్దిలో బ్రెజిలునందు వజ్రములు దొరకువరకు, అవి లోకమునకు ముఖ్యముగా భారతదేశమునుండియే పోయెడివి. కృష్ణాతీరమునందలి కొల్లూరు గనిని 17వ శతాబ్దిలో తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు వర్ణించెను. మన రత్నశాస్త్రములు వజ్రమునకు ఆరు కొనలు, ఎనిమిది ముఖములు, పండ్రెండు అంచులు లక్షణముగా చెప్పినవి. ఏ శిల్పియు చెక్కకయే భూగర్భమున ఇట్టి క్రమమైన ఆకారము ఎట్లు కలిగినది?

దీనిని లోతుగా విచారించినవారిలో పారిసునందలి రెనె జ్యుస్ట్ ఆయీ అను మతాచార్యుడు ముఖ్యుడు. ఆయనయు నావలె భాషాబోధకుడే, లాటిను చెప్పెడివాడు. ఒక మిత్రుని యింట కాల్సైటు స్ఫటికమొకటి చేజారి పగిలెనట. ముక్కల నేరి చూడగా, అన్నియు ఒకే కోణములతో విరిగియుండెను. ఎంత చిన్నగా పగులగొట్టినను ఆ కోణములు మారలేదు. స్ఫటికమనగా, ఇటుకలు పేర్చిన గోడవలె, ఒకే రూపము గల సూక్ష్మఖండముల పేర్పు అని 1784లో ఆయన గ్రంథము ప్రకటించెను. ఘనపదార్థ శాస్త్రమునకు ఇది మొదటి మెట్టు.

1797లో ఇంగ్లండునందు స్మిత్సన్ టెనెంటు వజ్రమును తూచి, బంగారు గొట్టములో సూరేకారముతో చేర్చి కాల్చెను. అంతే తూకము గల బొగ్గు కాలినప్పుడు ఎంత బొగ్గుపులుసు వాయువు వచ్చునో, అంతయే వచ్చెను. వజ్రము కర్బనమేయని తేలినది. మా బాలుని ప్రశ్న పుట్టినది ఇచ్చటనే: పదార్థ మొకటియే యైనచో భేద మెక్కడిది?

పరమాణువులు సామాన్యమైన వెలుతురునకు గోచరింపనంత చిన్నవి. 1895లో రాంట్జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. 1912లో మ్యూనిచ్ నగరమున మాక్స్ ఫాన్ లవే ఇట్లూహించెను: ఈ కిరణములు తరంగములే యైనచో, స్ఫటికమునందు పరమాణువులు వరుసలు తీరియే యున్నచో, దానిగుండ పోయిన కిరణములు ఫొటో పలకమీద క్రమమైన చుక్కలుగా పడవలెను. ఫ్రీడ్రిక్, క్నిప్పింగ్ అను యువకులు మైలుతుత్తపు స్ఫటికముతో పరీక్షించిరి. చుక్కలు పడెను.

ఆ చుక్కలను చదువుటకు తగిన సూత్రమును అదే సంవత్సరము లారెన్సు బ్రాగ్ అను కేంబ్రిడ్జి యువకుడు కనుగొనెను. వరుసగా నాటిన పొగాకు చేనిని రైలునుండి చూచునప్పుడు కొన్ని దిక్కులనే మొక్కలు బారులు తీరి కనబడును గదా! స్ఫటికమునందును అట్టి బారులు, అనగా తలములు, కలవు. పై తలమునుండి మరలిన తరంగపు శిఖరము, క్రింది తలమునుండి మరలిన తరంగపు శిఖరముతో కలియు కోణమున మాత్రమే కిరణము బలముగా వెలువడును. ఆ కోణము తెలిసినచో తలముల నడిమి దూరము లెక్కకు వచ్చును. 1913లో ఆయన తండ్రి విలియం బ్రాగ్‌తో కలిసి వజ్రపు కూర్పును తేల్చెను. 1915లో తండ్రికొడుకులకు నోబెల్ బహుమానము లభించెను. కుమారునకు అప్పటికి 25 ఏండ్లు, సేనలో నుండెను. ఆ యేడే ఆయన తమ్ముడు రాబర్టు గాలిపొలి యుద్ధమున మరణించెను. విద్యాచరిత్రలో సంతోషమును దుఃఖమును ఇట్లు ఒక్క యింట చేరుట అరుదు.

ఇక కూర్పును వినుడు. మిల్లీమీటరులో కోటివ వంతును కొలతగా తీసికొందము. వజ్రమునందు ప్రతి పరమాణువును నాలుగు దిక్కుల నాలుగు పరమాణువులతో, 1.54 కొలతల దూరమున, గట్టిగా ముడిపడియున్నది. ఏ వైపునను సందు లేదు. అందుచేతనే ఆ కాఠిన్యము. పెన్సిలులోని గ్రాఫైటు కూర్పును 1924లో బెర్నాల్ నిర్ణయించెను. అందు ప్రతి పరమాణువునకు ముగ్గురే గట్టి పొరుగువారు. పొరలోని దూరము 1.42, పొరకు పొరకు నడుమ 3.35. అందుచే పొరలు జారి కాగితమునకు అంటుకొనును. బొగ్గునందు ఇట్టి పొరల తునుకలు చిందరవందరగా పడియుండును. "రాజ" శబ్దమునందలి రెండక్షరములను తారుమారు చేసిన "జరా" యగును; అక్షరములు మారలేదు, వరుస మారినది, అర్థము వేరైనది.

ఇంకొక భేదము మిగిలినది. గ్రాఫైటు విద్యుత్తును పోనిచ్చును; వజ్రము పోనీయదు. ఎలక్ట్రానులు తరంగములవలె స్ఫటికపు వరుసలగుండ సాగిపోగలవని 1928లో ఫెలిక్స్ బ్లాక్ చూపెను. వాహకములకును బంధకములకును గల భేదమును 1931లో ఎ. హెచ్. విల్సన్ వివరించెను. ఎలక్ట్రానుల శక్తిని అంతస్తుల మేడగా భావింపుడు. క్రింది అంతస్తు క్రిక్కిరిసి నిండి, పై అంతస్తు మిక్కిలి ఎత్తున నున్నచో, కదలుటకు చోటు లేదు, అది వజ్రము. అంతస్తు సగమే నిండినచో నడక సుఖము. అది రాగివంటి లోహము. సిలికాను కూర్పు వజ్రపు కూర్పే. కాని అందలి ఎత్తు వజ్రమునందలిదానిలో సుమారు అయిదవ వంతు. కొంచెము వేడికే కొన్ని ఎలక్ట్రానులు పైకెక్కును. అందు అణుమాత్రము భాస్వరము కలిపినచో, నాలుగు ముడులకు మించిన అయిదవ ఎలక్ట్రాను సంచరించును. ఇవి అర్ధవాహకములు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బార్డీన్, బ్రాటెన్ అనువారు జెర్మేనియము అను అట్టి పదార్థముతోనే మొదటి ట్రాన్సిస్టరును నడపిరి. నా యీ మాటలు మీ చెవులకు చేరుట ఆ కూర్పు చలువయే.

ఆ బాలుడు ఇప్పుడెక్కడ నున్నాడో ఎరుగను. నాయనా, ఈ ప్రసంగము నీ చెవిని పడినచో, నాటి బాకీ నేడు తీరినదనుకొనుము. ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి: తెలియని ప్రశ్న వచ్చినప్పుడు "తెలియదు, వెదుకుదము" అనుడు. భగవంతుని లీలయే యైనను, దానికి లెక్క యున్నది. వెదకినవారికి అది దొరకినది.