రిఫరీ దాక్షిణ్యము

నెల్లూరు సీమ సముద్రతీరమున మైపాడు మొదలు తూపిలిపాళెము వరకు గల పట్టపుపాళెములలో తగవులు తీర్చు పెద్దలు తరతరములుగా ఉన్నారు. వల తెగినను, పడవకు పడవ అడ్డము వచ్చినను తగవు ముందుగా కోర్టుకు పోదు. పెద్దల ఎదుటికి పోవును. వారు ఇరుపక్షములు విని ఒకనికి తప్పు వేయుదురు, మరియొకనిని మందలించి విడుతురు. వేసినను, విడిచినను నలుగురు వినుచుండగనే చెప్పుదురు. ఆ రాత్రి పాళెమంతట అదే చర్చ: వానిని ఏల విడిచిరి, వీనికి ఇంత ఏల వేసిరి? అదే ఇసుకలో సాయంకాలము పిల్లలు బంతి ఆడుదురు. రెండు తెడ్లు పాతినచో గోలు. వారి తగవు తీర్చు పెద్ద ఎవడును లేడు. గట్టిగా అరచినవానిదే న్యాయము.

ఫుట్‌బాల్ కూడ మొదట ఇట్టి ఆటయే. 1863లో లండను నగరమున నియమములు వ్రాసినప్పుడు అందు రిఫరీ అను మాటయే లేదు. పెద్దమనుషులు ఆడు ఆటలో దొంగాట ఉండదని వారి నమ్మకము. ఆ నమ్మకము ఎంతకాలము నిలిచినదో చెప్పనక్కరలేదు. తరువాత పక్షమునకొక అంపైరు వచ్చెను. వారిరువురికి పొసగనప్పుడు గీత వెలుపల నిలిచిన రిఫరీని అడుగుట ఆచారమయ్యెను. 1891లో రిఫరీ మైదానము లోపలికి వచ్చెను, అంపైర్లు గీత యొద్దకు పోయిరి. నాటినుండి తగవు భారమంతయు ఒక్కని తలపై పడినది. 'రిఫరీ అభిప్రాయములో' అను మాట ఆట నియమములలో నేటికిని ఉన్నది. ఏ మొరటుతనము మందలింపునకు తగునో, ఏది బహిష్కారమునకు తగునో ఆ అభిప్రాయమే తేల్చవలెను. అభిమానుల రచ్చ అంతయు ఆ ఒక్క మాట చుట్టును తిరుగుచుండును.

మన దేశమున ఈ రచ్చకు ఒకప్పుడు మరియొక కారణము కూడ ఉండెను. 1948 లండను ఒలింపిక్సులో ఫ్రాన్సుతో తలపడి 2-1 తేడాతో ఓడిన మన జట్టులో పెక్కుమంది వట్టి పాదములతో ఆడిరి. 1952 హెల్సింకీ ఒలింపిక్సు తరువాతనే మనవారికి బూట్లు తప్పనిసరి యైనవి. బూటు పాదముపై బూటు పడుట వేరు, వట్టి పాదముపై బూటు పడుట వేరు. అట్టిచోట రిఫరీ చూపు దాక్షిణ్యమునకు వెల ఎవరు చెల్లింతురో వేరుగ చెప్పవలెనా?

దాక్షిణ్యమును గూర్చిన వాదములలో లోకప్రసిద్ధమైనది 1962 జూన్ 2న చిలీ రాజధాని శాంటియాగోలో జరిగిన చిలీ, ఇటలీ జట్ల పోటీ. ఇంగ్లండు రిఫరీ కెన్ ఆస్టన్ ఎనిమిదవ నిమిషముననే ఇటలీ ఆటగాడు ఫెర్రీనిని వెడలిపొమ్మనెను. అతడు కదలలేదు, పోలీసులు వచ్చి కొనిపోవలసి వచ్చెను. పిమ్మట చిలీ ఆటగాడు లియోనెల్ సాంచెజ్ పిడికిలి బిగించి ఇటలీవాని ముఖముపై గ్రుద్దెను. అతనికి ఏ శిక్షయు లేదు. దెబ్బ తిన్న డేవిడ్ తరువాత పగ తీర్చుకొనబోయి తానే వెడలగొట్టబడెను. ఇటలీ తొమ్మండుగురితో ఆడి 2-0 తేడాతో ఓడినది. మా దృష్టిలో అక్కడ తప్పు కాఠిన్యము కాదు, దాక్షిణ్యమును కాదు. ఒకరికి కాఠిన్యము, వేరొకరికి దాక్షిణ్యము.

నాలుగేండ్లకు, 1966 జూలై 23న, వెంబ్లీలో ఇంగ్లండుతో ఆడుచున్న అర్జెంటీనా నాయకుడు రాటిన్‌ను జర్మను రిఫరీ క్రైట్లైన్ పొమ్మనెను. రాటిన్‌కు జర్మను రాదు, క్రైట్లైన్‌కు స్పానిషు రాదు. దుబాసీని పిలిపింపుమని రాటిన్ పట్టుబట్టెను. అప్పుడు రిఫరీలకు పెద్దగా ఉన్నవాడు ఆ ఆస్టనే. ఇంటికి కారులో పోవుచు వీథిలోని ఎఱ్ఱ, పసుపు దీపములను చూచినప్పుడు అతనికి కార్డుల ఆలోచన తట్టినది. 1970 మెక్సికో ప్రపంచకప్పులో అవి వాడుకలోనికి వచ్చినవి. ఆ పోటీలలో ఎఱ్ఱ కార్డు ఒక్కమారును పైకి లేవలేదు. ప్రపంచకప్పులో మొదటిసారి లేచినది 1974లో, చిలీ ఆటగాడు కాస్జెలీ పైన.

కార్డుతో శిక్ష అందరి కంటికిని కనబడసాగెను. కాని క్షమకు మాత్రము కార్డు లేదు. రిఫరీ ఒక ఆటగాని చెంతకు పోయి, 'ఈ పర్యాయమునకు విడిచితిని, మరల చేసితివా చూడుము' అని మెల్లగా చెప్పును. ఆ మాట వానికి తప్ప అన్యులకు వినబడదు. గ్యాలరీలోనివారికి కనబడునది ఒక్కటే: తప్పు జరిగినది, శిక్ష లేదు. పాళెపు పెద్ద చూపు దాక్షిణ్యమునకును దీనికిని భేదమిదియే.

తులసీదాస్ బలరాం, మహమ్మద్ హబీబ్, నయీముద్దీన్ వంటి హైదరాబాదు ఆటగాండ్రు కలకత్తా క్లబ్బులలో పేరు తెచ్చుకొన్నవారగుటచే ఆ నగరపు ఆట తగవులు మనకును ఇంటి తగవుల వంటివే. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు తలపడెను. ఈస్ట్ బెంగాల్‌కు చెందిన దిలీప్ పాలిత్ ఎదుటి పక్షపు విదేశ్ బోసును మొరటుగా అడ్డగించెను. బోసు తిరుగబడెను. రిఫరీ సుధీన్ చటర్జీ ఇరువురిని వెడలగొట్టెను. గ్యాలరీలో రాళ్లు లేచినవి, త్రొక్కిసలాట జరిగినది, 16 మంది ప్రాణములు పోయినవి.

ఆట ఆరంభముననే కఠినముగా ఉన్నచో ఇంతవరకు వచ్చెడిది కాదని కొందరు, కొట్టినవానికిని తిరుగబడినవానికిని ఒకే శిక్షయా అని మరికొందరు ఏండ్ల తరబడి వాదించిరి. మొదటి వాదమున బలమున్నది. తొలి తప్పునాడే నలుగురెదుట అదుపు చేసినచో దెబ్బ తిన్నవానికి తానే న్యాయము తీర్చుకొనవలెనను తలంపు కలుగదు. అయినను 16 మంది చావును ఈలకు అంటగట్టుట అన్యాయము. బద్ధవైరము గల రెండు క్లబ్బుల అభిమానులను ఒకే గ్యాలరీలో కలిపి కూర్చుండబెట్టినది రిఫరీ కాదు. జనము పారిపోవుటకు తగిన దారి చూపవలసినవాడును అతడు కాదు. ఆ దినమును కలకత్తాలో ఫుట్‌బాల్ ప్రియుల దినముగా పాటించి, రక్తదానము చేయుదురు.

ఇటీవల 2023 మార్చి 3న బెంగుళూరు కంఠీరవ స్టేడియములో మరియొక విధమగు తగవు వచ్చినది. అదనపు సమయములో సునీల్ ఛెత్రీ, కేరళ ఆటగాండ్రు అడ్డుగోడగా నిలువకమునుపే ఫ్రీకిక్కును గోలులోనికి తన్నెను. రిఫరీ క్రిస్టల్ జాన్ దానిని చెల్లుననెను. కేరళ శిక్షకుడు వుకోమనోవిచ్ జట్టును మైదానమునుండి వెలికి పిలిచెను. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్బునకు 4 కోట్ల రూపాయల జరిమానా, శిక్షకునికి పది ఆటల నిషేధము విధించినది. అంత జరిమానాయా అని కేరళవారు, అంతటితో విడిచిరా అని పొరుగువారు. రిఫరీ ఆగుమని సైగ చేయనంతవరకు ఫ్రీకిక్కును తక్షణమే తీసికొనవచ్చునని నియమము. ఆ క్షణమున రిఫరీ ఆటగాండ్రతో ఏమనెనో స్టేడియములో కూర్చున్నవారికి వినబడలేదు. ఇండ్లలో తెర ముందు కూర్చుండి వాదించిన మనబోంట్లకు అసలే వినబడలేదు.