కర్ఫ్యూ: పొయ్యి దగ్గర పుట్టిన మాట

ఊరిలో అల్లరులు చెలరేగి సర్కారువారు కర్ఫ్యూ విధించిరని వినుటతోడనే మనకు తుపాకులును, మూసిన తలుపులును స్ఫురించును గాని, ఆ మాట పుట్టినది వంటపొయ్యి దగ్గర.

లాటినుభాషలో అగ్నికి ప్రాచీననామము ఇగ్నిస్. మన అగ్నిశబ్దమునకు అది తోబుట్టువు. పొయ్యికి మాత్రము ఫోకస్ అని వేరు పేరు. జనసామాన్యము పొయ్యి పేరనే నిప్పును పిలువ మరగుటచేత, రోమక సామ్రాజ్యము శిథిలమై లాటిను దేశభాషలుగా చీలునప్పటికి ఇగ్నిస్ వాడుకనుండి జారిపోయి, ఫోకస్సే ఇటలీలో ఫువోకోగను, స్పెయినులో ఫుయెగోగను, ఫ్రాన్సులో ఫ్యోగను మారెను. 1604లో కెప్లరు శాంకవముల నాభికి ఫోకస్ అని పేరిడుటచేత ఆ పొయ్యియే గణితమునందును వెలిగినది.

ఇక మూయుట అను అర్థమున లాటినుక్రియ నుండి వచ్చిన ఫ్రెంచిమాట కువ్రీర్. ఈ రెండును గూడి, నిప్పు మూయుము అను ఆజ్ఞ కువ్రఫ్యో అయినది. కొయ్యయు పూరియు ప్రధానముగా గల ఆ నాటి ఇండ్లలో ఒక్క మిణుగురు చాలును గనుక, రాత్రి ఘంట మ్రోగగానే ఇల్లాలు నిప్పుకణికలను పొయ్యి వెనుకగోడవైపు కూడదీసి, బూడిద కప్పి, పిడిగల రాగిమూతనో మంటిమూతనో వానిపై బోర్లించెడిది. ఆర్పివేయుట ఉద్దేశము గాదు. అగ్గిపుల్ల యెరుగని కాలమున, తెల్లవారి ఆ నివురుగప్పిన నిప్పునే ఊది రాజవేసికొనవలసియుండెను.

1066లో నార్మనులు జయించిన పిమ్మట ఫ్రెంచి ఇంగ్లండున ఆస్థానమునకును న్యాయస్థానములకును భాష కాగా, ఈ మాటయు వారితో సముద్రము దాటెను. ఓడినవారు రాత్రివేళ కుట్రలు పన్నకుండుటకై, జయించిన నార్మను రాజు విలియమే ఈ ఘంటను విధించెనని తరువాతివారు చెప్పుకొనిరి. సమకాలీన సాక్ష్యము లేని ఈ కథలో నాకు చరిత్రకంటె జయించినవానిపై కసియే హెచ్చుగా కనబడుచున్నది. నిప్పుభయము మాత్రము వట్టిది గాదు: 1666 సెప్టెంబరున లండనులో ఒక రొట్టెలబట్టీ నుండి రేగిన అగ్ని 13,000కు పైబడిన ఇండ్లను భస్మము చేసినది.

కాలక్రమమున నిప్పు మరుగునపడి, ఘంట మనుష్యులను లోనికి పిలుచునదైనది. ఆక్స్ఫర్డులోని క్రైస్టుచర్చి కళాశాలలో గ్రేట్ టామ్ అను ఘంట, ఒకప్పుడు విద్యార్థులను లోనుంచి ద్వారములు మూయుటకు గుర్తుగా మ్రోగినట్లే, నేటికిని ప్రతిరాత్రి 101 మారులు మ్రోగును. అదియు 9 గంటలకు గాదు, 9 గంటల 5 నిమిషములకు, ఏలయన గ్రీనిచ్చికి పడమటనున్న ఆ ఊరి సొంత కాలమానమున అప్పుడే తొమ్మిది.